కొత్త మెదడు పెట్టినా పరుగు తగ్గిందేం?

పిల్లలూ! ముద్దనూరుకూ ఎర్రగుంట్లకూ మధ్య రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం వున్నది. ఆ దారిన పోయినవాళ్ళకు దాని పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. 1994లో దాని మొదటి యూనిట్ పనిచెయ్యటం ప్రారంభించింది. 210 మెగావాట్ల యూనిట్లు అయిదూ, 600 మెగావాట్ల యూనిట్ ఒకటీ, మొత్తం 1650 మెగావాట్ల శక్తి గల కేంద్రం అది.

అక్కడ బొగ్గు మండుతుంది. నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి టర్బైనును తిప్పుతుంది. టర్బైను కరెంటును పుట్టిస్తుంది. పని అయిపోయిన ఆవిరిని చల్లార్చి, మళ్ళీ నీరు చేసి బాయిలరుకు పంపుతారు.

ఇప్పుడొక చిన్న ప్రశ్న. అలాంటి కేంద్రంలో ఇప్పుడున్న దానికంటె పెద్ద బాయిలరు తెచ్చిపెట్టారనుకోండి. కాని బొగ్గు తెచ్చే రైలు మునుపటికంటె నెమ్మదిగా వస్తున్నది. ఆవిరిని చల్లార్చే ఏర్పాటు మాత్రం పాత చిన్న బాయిలరుకు సరిపోయేదే. అప్పుడు కరెంటు పెరుగుతుందా?

పెరగదు. ఒక్కొక్కప్పుడు తగ్గుతుంది కూడాను! బాయిలరు పెద్దదే, కాని దానికి మేత అందటం లేదు, దాని వేడి బయటకు పోవటం లేదు.

సరిగ్గా ఇటువంటి వింతే మన ఇళ్ళలోని కంప్యూటర్లలో కూడా జరుగుతూ వుంటుంది. పాత ప్రాసెసరు తీసి, దానికంటె గొప్పది కొని పెడతారు. ఆట మునుపటికంటె చురుకుగా సాగాలి గదా? తీరా చూస్తే మునుపటికంటె కుంటుతుంది. ఎందుకని?

ముగ్గు వేసే ఇద్దరు

కంప్యూటరులో ఆట ఎలా సాగుతుందో ముందు తెలుసుకుందాం. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు మన కళ్ళ ముందు నుంచి పోతాయి. కంప్యూటరు ఆటలో సెకనుకు 60 బొమ్మలైనా వుంటే కంటికి నునుపుగా కనిపిస్తుంది. అంటే ఒక్కొక్క బొమ్మకూ దొరికే వ్యవధి సెకనులో అరవయ్యో వంతు. వెయ్యో వంతుల లెక్కన చెప్పాలంటే, సుమారు 16.7 వంతులు మాత్రమే.

ఆ కాస్త వ్యవధిలో ఇద్దరు పనివాళ్ళు పనిచెయ్యాలి. మొదటివాడు ప్రాసెసరు. బంతి ఎక్కడ పడింది, కారు ఎటు తిరిగింది, శత్రువు ఏ గోడ చాటున వున్నాడు అన్న లెక్కలన్నీ వాడివి. రెండోవాడు గ్రాఫిక్స్ కార్డు. ఆ లెక్కల ప్రకారం రంగులు పూసి బొమ్మ గీసేది వాడు. పండుగనాడు అమ్మ చుక్కలు పెట్టుకుంటూ పోతుంటే, అక్క వెనకే గీతలు కలుపుతూ పోవటం లేదూ? అలాగన్నమాట.

అమ్మ ఎంత గబగబా చుక్కలు పెట్టినా, అక్క చెయ్యి నెమ్మదయితే ముగ్గు త్వరగా పూర్తికాదు. కనక, గ్రాఫిక్స్ కార్డు అప్పటికే తలమునకలుగా పనిచేస్తూ వుంటే, కొత్త ప్రాసెసరు పెట్టినా వేగం పెరగదు. జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటరు నిపుణుడు 1967లోనే ఇటువంటి సంగతి చెప్పాడు. ఒక పనిలో కొంత భాగాన్నే వేగవంతం చేస్తే, మిగిలిన భాగం ఎంత వుంటే అంతవరకే లాభం అని దాని సారాంశం. దీన్ని ఆమ్డాల్ నియమం అంటారు.

అయితే వేగం పెరగకపోవటం వేరు, తగ్గటం వేరు. తగ్గిందంటే ఎక్కడో ఒకచోట లోపం వున్నదన్నమాట. దాన్ని పట్టుకోవచ్చు.

నింద వేసే ముందు

ముద్దనూరులో ఒక ఇల్లున్నదనుకుందాం. అన్న కాలేజీలో చదువుతున్నాడు. చెల్లెలు ఎనిమిదో తరగతి. కంప్యూటరులో రైజెన్ 5 3600 అనే ప్రాసెసరు వున్నది. ఇది 2019లో వచ్చింది. ఇందులో 6 కోర్లు, అంటే 6 చిన్న మెదళ్ళు. నాయన చీనీకాయలు అమ్మిన డబ్బులో కొంత ఇస్తే, అన్న ప్రొద్దుటూరు పోయి 2020లో విడుదలైన రైజెన్ 7 5800ఎక్స్ తెచ్చాడు. దీనిలో 8 కోర్లు. పాతదాని గరిష్ఠ వేగం 4.2 గిగాహెర్ట్జ్ అయితే, దీనిది 4.7.

పాత ప్రాసెసరుతో వాళ్ళ ఆటలో సెకనుకు 90 బొమ్మలు వచ్చేవి. కొత్తది పెట్టాక 85 మాత్రమే వచ్చాయి. పది నిమిషాలు ఆడేసరికి 62కు పడిపోయాయి.

"అంగడాయన నాసిరకం సరుకు అంటగట్టినాడు! రేపు పొద్దున్నే పోయి అడుగుతా," అన్నాడు అన్న.

"వేలు పోసి తెచ్చినావు. వానిచ్చింది మంచిదో చెడ్డదో తేల్చుకోకుండా పోయి అరిస్తే ఏం బాగుంటాదిరా?" అన్నది అమ్మ.

"ముందు కొలుద్దాం అన్నా. నేను నోటుబుక్కు తెస్తా," అన్నది చెల్లెలు.

ఆ పిల్ల చెప్పింది మంచిమాట. అంగడాయనది తప్పు కాకపోతే ఒక నిర్దోషి మీద నింద పడుతుంది. తొందరపడి ఇంకో భాగం కొంటే నాయన కష్టార్జితం మరికొంత పోతుంది. డాక్టరు జ్వరం చూడకుండా మందివ్వడు. కంప్యూటరుకైనా అంతే.

కొలవటంలో రెండు నియమాలున్నాయి. మొదటిది: ఎప్పుడూ ఒకే ఆట, అందులో ఒకే చోటు, ఒకే వ్యవధి. రెండవది: ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, ఏ మందుకు జబ్బు తగ్గిందో తెలియదు.

చెల్లెలు నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసింది: సెకనుకు బొమ్మలెన్ని, ప్రాసెసరు వేడి ఎంత, ప్రాసెసరు వేగం ఎంత, ర్యామ్ వేగం ఎంత. వేగాలు విండోస్‌లోని టాస్క్ మేనేజర్ చూపిస్తుంది. వేడి చూపించే ఉచిత ప్రోగ్రాములు కూడా వున్నాయి.

మొదటి దొంగ: నెమ్మదించిన ర్యామ్

ర్యామ్ గడి చూడగానే చెల్లెలికి అనుమానం వచ్చింది. వాళ్ళ ర్యామ్ డి.డి.ఆర్.4 రకం, 3200 వేగానిది. ఆ అంకె దాని మీదే అచ్చువేసి వున్నది. టాస్క్ మేనేజర్ మాత్రం 2133 అని చూపిస్తున్నది!

ఇలా ఎందుకు జరిగిందంటే, కంప్యూటరు మదర్‌బోర్డులో బయోస్ అనే చిన్న ప్రోగ్రాము వుంటుంది. యంత్రం మేలుకోగానే మొదట పనిచేసేది అదే. కొత్త ప్రాసెసరును బోర్డు గుర్తుపట్టాలంటే చాలాసార్లు ఈ బయోస్‌ను కొత్తదిగా మార్చాలి. అలా మార్చినప్పుడు పాత ఏర్పాట్లన్నీ చెరిగిపోతాయి. ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడపమనే ఏర్పాటు కూడా అందులో ఒకటి. దానికి ఎక్స్.ఎం.పి. అని పేరు, కొన్ని బోర్డుల్లో వేరే పేర్లుంటాయి. అది చెరిగిపోతే ర్యామ్ జాగ్రత్తకోసం తక్కువ వేగంతో నడుస్తుంది.

విద్యుత్కేంద్రానికి బొగ్గు రైలెలాగో ప్రాసెసరుకు ర్యామ్ అలాగ. లెక్కకు కావలసిన సరుకు అక్కడి నుంచే రావాలి. పైగా రైజెన్ ప్రాసెసరు లోపలి భాగాలను కలిపే దారి కూడా మామూలుగా ర్యామ్ వేగాన్ని బట్టే నడుస్తుంది. ర్యామ్ నెమ్మదిస్తే దారీ నెమ్మదిస్తుంది.

అన్న బయోస్‌లోకి పోయి ఆ ఏర్పాటును తిరిగి పెట్టాడు. ఆట మొదలుపెట్టగానే 108 బొమ్మలు వచ్చాయి! అన్న చప్పట్లు కొట్టాడు. కాని పది నిమిషాలయ్యేసరికి మళ్ళీ 70కి దిగిపోయాయి.

దొంగలు ఇద్దరున్నారన్నమాట.

ర్యామ్ విషయంలోనే ఇంకొక సంగతి చూసుకోవాలి. రెండు ర్యామ్ కడ్డీలుంటే రెండూ కనిపిస్తున్నాయా, సరైన గాడిలో వున్నాయా అని చూడాలి. ఒక్కటే పనిచేస్తూ వుంటే రెండు దారుల్లో రావలసిన సరుకు ఒక్క దారిలోనే వస్తుంది. ఈ రకం రైజెన్ ప్రాసెసర్లకు అడుగున సన్నని సూదుల వంటి కాళ్ళుంటాయి. అవి వంగినా ఇటువంటి తంటాలు రావచ్చు.

రెండవ దొంగ: వేడి

ప్రాసెసరు తినే కరెంటు దాదాపు అంతా చివరికి వేడి అవుతుంది. 5800ఎక్స్ 105 వాట్ల తరగతికి చెందినది. పాత 3600 మాత్రం 65 వాట్లది. కోడిపిల్లల వెచ్చదనానికి పెట్టే 100 వాట్ల బల్బును తలుచుకోండి. అంత వేడి బొటనవేలి గోరంత బిళ్ళలో పుడితే ఎలా వుంటుంది?

ఆ గోరంత బిళ్ళలో 400 కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లున్నాయి. 1971లో ఇంటెల్ కంపెనీ అమ్మకానికి పెట్టిన 4004 అనే ప్రాసెసరులో వున్నవి సుమారు 2300. యాభయ్యేళ్ళలో ఎంత తేడా వచ్చిందో చూడండి!

ఈ వేడిని లాగటానికి ప్రాసెసరు మీద లోహపు రెక్కల దిమ్మె, దానిమీద ఫ్యాను వుంటాయి. 3600తో బాటు పెట్టెలో చిన్న ఫ్యాను ఇచ్చేవారు. 5800ఎక్స్ పెట్టెలో ఫ్యాను రాదు, విడిగా పెద్దది కొనుక్కోవాలి. అన్నకు ఈ సంగతి తెలియక పాత చిన్న ఫ్యానే బిగించాడు. పైగా ప్రాసెసరుకూ దిమ్మెకూ మధ్య పూసే థర్మల్ పేస్టు పాతది ఎండిపోయి వుంటే, దాన్ని తుడవకుండా వదిలేశాడు.

ఇక ఊరి సంగతి. ముద్దనూరులో వేసవిలో 40 డిగ్రీలు దాటటం మామూలే. ఫ్యాను గదిలో వున్న గాలినే విసురుతుంది గాని చల్లగాలిని పుట్టించదు. 25 డిగ్రీల గదిలో ఒక ప్రాసెసరు 75 డిగ్రీలు వుంటే, అదే పని 40 డిగ్రీల గదిలో చేసినప్పుడు సుమారు 90కి చేరుతుంది. గది ఎంత వేడెక్కితే అదీ అంత వేడెక్కుతుంది. 5800ఎక్స్‌కు గీసిన గీత సరిగ్గా ఆ 90 డిగ్రీలే!

ఆ గీతను తాకగానే ప్రాసెసరు కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో మడకకు కట్టిన ఎద్దు నురగలు కక్కుతూ అడుగు తగ్గించినట్టే. చెల్లెలి నోటుబుక్కులో ఇదంతా స్పష్టంగా పడింది: పదో నిమిషాన వేడి 90, ఆ నిమిషం నుంచే ప్రాసెసరు వేగం దిగుదల.

మన సీమలో దుమ్ము కూడా తక్కువ కాదు. రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. ల్యాప్‌టాప్ వున్నవాళ్ళు కూడా దీన్ని గుర్తుంచుకోవాలి. ల్యాప్‌టాపుల్లో ప్రాసెసరు మార్చటం సాధారణంగా వీలు కాదు గాని, వేడికి నెమ్మదించటం మాత్రం వాటికీ వున్నది. పరుపు మీద పెట్టి ఆడితే గాలి వచ్చే కంతలు మూసుకుపోతాయి.

అన్న పెద్ద ఫ్యాను తెచ్చాడు. పాత పేస్టును శుభ్రంగా తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి బిగించాడు. ఈసారి మొదట 110 బొమ్మలు, అరగంట తరవాత కూడా 110 బొమ్మలు! ప్రాసెసరు మంచిదే. ప్రొద్దుటూరు అంగడాయన చేసిన తప్పేమీ లేదు.

దొంగ ప్రాసెసరులో లేనప్పుడు

ఒక్కొక్కసారి యంత్రంలో ఏ లోపమూ వుండదు. దానికి పనిచెప్పే ప్రోగ్రాములో వుంటుంది. దీనికి లోకమంతా చూసిన ఉదాహరణ ఒకటున్నది.

2021 అక్టోబరు 5న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 11ను విడుదల చేసింది. వెంటనే రైజెన్ ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో ఆటలు నెమ్మదించాయి. రైజెన్‌ను తయారుచేసే ఎ.ఎమ్.డి. కంపెనీ కారణాలు రెండు చెప్పింది. ప్రాసెసరు లోపల కేష్ అనే చిన్న గాదె వుంటుంది. ఆ గాదెలో మూడవ అంతస్తు నుంచి సరుకు రావటానికి సుమారు మూడు రెట్లు ఎక్కువ వ్యవధి పడుతున్నదన్నది మొదటిది. పనిని అన్నిటికంటె చురుకైన కోరుకు ఇవ్వకుండా వేరేవాటికి ఇస్తున్నదన్నది రెండవది. దీనివల్ల కొన్ని ప్రోగ్రాములు 3 నుంచి 5 శాతం, కొన్ని ఆటలు 10 నుంచి 15 శాతం నెమ్మదించవచ్చునని ఆ కంపెనీయే ప్రకటించింది. అదే నెలలో రెండు కంపెనీలూ సవరణలు విడుదల చేశాయి. ఎవరూ కొత్త వస్తువు కొననక్కరలేకపోయింది.

2022 మార్చిలో ఇంకొక సంగతి బయటపడింది. కొన్ని రైజెన్ కంప్యూటర్లు ఆట మధ్యలో ఉన్నట్టుండి క్షణంసేపు తడబడేవి. రహస్యాలను కాపాడే భద్రతా భాగం ఒకటి బోర్డు మీది చిన్న చిప్పుతో మాట్లాడటం వల్ల ఇలా అవుతున్నదని ఎ.ఎమ్.డి. ఒప్పుకున్నది. ఆ యేడు మే నెల నుంచి కొత్త బయోస్‌లు వచ్చి ఈ తడబాటు పోయింది.

కాబట్టి బోర్డు తయారుచేసినవారు ఇచ్చే కొత్త బయోస్, చిప్‌సెట్ డ్రైవరు, విండోస్ సవరణలు పెట్టుకున్నామా అని చూడటం తప్పనిసరి. కాని ఒక్క హెచ్చరిక: బయోస్ మారుస్తున్నప్పుడు కరెంటు పోతే బోర్డు మూగబోవచ్చు. యు.పి.ఎస్. వుంటే మంచిది. లేకపోతే కరెంటు నిలకడగా వుండే వేళ చూసుకోవాలి.

పెద్ద అంకె గొప్పదేనా?

ప్రాసెసరు కొనేటప్పుడు చాలామంది కోర్లు ఎన్ని, గిగాహెర్ట్జ్ ఎంత అని మాత్రమే అడుగుతారు. ఆటలకు గాదె కూడా ముఖ్యమే. వంటింట్లో డబ్బాలో పప్పుంటే చెయ్యి చాచితే చాలు. లేకపోతే ప్రతిసారీ అంగడికి పోవాలి. ప్రాసెసరుకు కేష్ వంటింటి డబ్బా అయితే, ర్యామ్ అంగడి.

5800ఎక్స్‌లో మూడవ అంతస్తు కేష్ 32 మెగాబైట్లు. 2022 ఏప్రిల్‌లో దానికి తమ్ముడొకడు వచ్చాడు. పేరు 5800ఎక్స్ 3డి. వాడి గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జే, అన్నకంటె తక్కువ. కాని కేష్ 96 మెగాబైట్లు! అందువల్ల చాలా ఆటల్లో తమ్ముడే అన్నను మించిపోయాడు. ఇక 5700జి అనే మరొక దానిలో కోర్లు 8 వున్నా కేష్ 16 మెగాబైట్లే. గ్రాఫిక్స్ కార్డు పెట్టి ఆడే ఆటల్లో అది 5800ఎక్స్‌తో సమానంగా పోలేదు.

ఈ 5700జి వంటి ప్రాసెసర్లలో బొమ్మలు గీసే భాగం కూడా లోపలే వుంటుంది. దానివల్ల తమాషా పొరపాటు ఒకటి జరుగుతుంది. ప్రాసెసరు మార్చాక మానిటరు తీగను గ్రాఫిక్స్ కార్డుకు బదులు బోర్డుకే తగిలిస్తారు. తెర వెలుగుతుంది గనక అంతా సరిగా వున్నదనే అనుకుంటారు. వేలు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు మాత్రం పక్కన కూచుని వుంటుంది! అందుకే అన్నిటికంటె ముందు తీగ ఎక్కడున్నదో చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు.

తల్లిదండ్రులకు

పరీక్షలు చేసేటప్పుడు డబ్బు ఖర్చుకానివి ముందు చెయ్యాలి: మానిటరు తీగ, ర్యామ్ వేగం, బయోస్, డ్రైవర్లు, దుమ్ము. అవి అయ్యాకనే పేస్టు, ఫ్యాను. కొత్త భాగం కొనటం అన్నిటికంటె చివర. యంత్రం విప్పే ముందు ప్లగ్గు పూర్తిగా తీసెయ్యాలి, పక్కన పెద్దవాళ్ళుండాలి. ఈ రకం రైజెన్ యంత్రాల్లో దిమ్మెను ఒక్కసారిగా పైకి లాగితే, ఎండిన పేస్టుకు అంటుకుని ప్రాసెసరు కూడా ఊడివస్తుంది, కాళ్ళు వంగుతాయి. కాసేపు కంప్యూటరు నడిపి వెచ్చచేసి, తరవాత ప్లగ్గు తీసి, దిమ్మెను అటూ ఇటూ మెల్లగా తిప్పి తియ్యాలి. పాత ప్రాసెసరును పారెయ్యకండి. అనుమానం వచ్చినప్పుడు తిరిగి పెట్టి పోల్చి చూడటానికి అదే సాక్షి.

మీరు చేసి చూడండి

దిమ్మెకు అన్ని రెక్కలెందుకో తెలుసుకోవటానికి కంప్యూటరు అక్కరలేదు. అమ్మనడిగి ఒక గ్లాసెడు వేడినీళ్ళు స్టీలు చెంబులోనూ, మరొక గ్లాసెడు వెడల్పాటి స్టీలు పళ్ళెంలోనూ పోయించండి. అయిదు నిమిషాల తరవాత రెంటిలోనూ థర్మామీటరు పెట్టి చూడండి. జ్వరం చూసేది కాదు, బడిలో ప్రయోగాలకు వాడేది తెచ్చుకోవాలి. తరవాత మళ్ళీ వేడినీళ్ళు పోసి, రెంటినీ ఫ్యాను కింద పెట్టి చూడండి. నాలుగు అంకెలు వస్తాయి. ఏది ముందు చల్లారిందో, ఎందుకు చల్లారిందో మీ నోటుబుక్కులో రాసుకోండి.